వాగు మొక్కకు రోడ్డు కొలువు: ఎమిరేట్స్‌లో గన్నేరు

దుబాయ్, షార్జా, అబుధాబీ రోడ్ల వెంబడి విరగబూసిన గులాబీ రంగు గన్నేరును చూసి మనవాళ్ళు చాలామంది అనుకునేది ఒకటే: ఈ ఇసుకలో పువ్వేమిటి, ఎక్కడి నుంచో తెచ్చి నాటి ఉంటారు. బోగన్‌విల్లా విషయంలో ఆ మాట నిజమే. దాని సొంత ఊరు దక్షిణ అమెరికా. శీతాకాలంలో కూడళ్ళ దగ్గర పరిచే పెట్యూనియాలూ అక్కడివే. గన్నేరు సంగతి వేరు. ఫుజైరా, రస్ అల్ ఖైమా, హత్తా వైపు హజర్ కొండల వాగుల్లో అది ఎవరూ నాటకుండానే పుట్టి పెరుగుతోంది. అక్కడి కొండ జనం దాన్ని హబన్ అంటారు. పుస్తకాల అరబ్బీలో దిఫ్లా. అంటే నగరంలో కనిపించే మొక్క రంగులు మార్చుకున్న తోట రకమే కావచ్చు గానీ, దాని జాతి ఆ దేశానిదే.

అయినా ఈ మొక్క మీద ఎమిరేట్స్‌లో వాదన తెగదు. ఇది ఎడారి మొక్క, నీళ్ళు అడగదు, ఎండకు బెదరదు, పశువు ముట్టదు, రోడ్లకు ఇంతకు మించినది లేదని ఒక పక్షం. ఒళ్ళంతా విషం, జనం తిరిగే చోట ఒక్క మొక్క కూడా ఉండకూడదని రెండో పక్షం. మొదటి పక్షం నీటి లెక్క దాచేస్తుంది. రెండో పక్షం ఏ చోట నాటుతున్నామన్నది చూడదు. ఈ రెంటినీ పరిశీలించాలంటే ముందు మొక్కను దాని పుట్టిల్లు నుంచి చూడాలి.

వృక్షశాస్త్రంలో దీని పేరు నీరియం ఒలియాండర్, 1753లో లిన్నేయస్ పెట్టింది. అపోసైనేసీ కుటుంబం. నీరియం ప్రజాతిలో ఉన్న జాతి ఇదొక్కటే. ఒకప్పుడు ఇలా ఒప్పుకునేవారు కారు. మన దేశపు గన్నేరుకు తీపి వాసన ఉంటుంది, మధ్యధరా తీరపు గన్నేరుకు చాలావరకు ఉండదు. అందుకని మనదాన్ని నీరియం ఇండికం అనీ, నీరియం ఒడోరం అనీ విడిగా లెక్కించారు. 1844లో అల్ఫోన్స్ డి కాండోల్ మస్కట్ ప్రాంతపు మొక్కకు నీరియం మస్కటెన్సే అని మరో పేరు పెట్టాడు. హజర్ కొండల గన్నేరు ఆ పేరుతో కొంతకాలం చలామణి అయింది. ఇప్పుడు మొరాకో నుంచి అరేబియా, ఇరాన్, భారతదేశం మీదుగా చైనాలోని యునాన్ దాకా ఉన్నదంతా ఒకే జాతి అని తేల్చారు. మనం పెరట్లో పెంచుకునే నందివర్ధనం, దేవగన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, ఈమధ్య కడియం నర్సరీల్లో రకరకాల రంగుల్లో అమ్ముతున్న అడీనియం, అన్నీ ఇదే కుటుంబంలోవి. ఎమిరేట్స్ నర్సరీల్లోనూ వీటన్నిటినీ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు.

ఇక వాగు. ఎమిరేట్స్‌లో ఏడాదికి పడే సగటు వాన 100 మిల్లీమీటర్లకు అటూఇటూ. కొండల మీద కాస్త ఎక్కువ. ఆ కాస్తా నెమ్మదిగా, నిలకడగా పడదు. ఒక్కసారిగా కురిసి, రాళ్ళ మీద నిలవకుండా జారి, గంటల్లో వాగు నిండా ఉరికి, మర్నాటికి గులకరాళ్ళ కిందికి ఇంకిపోతుంది. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు గడవకుండానే 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. రెండేళ్ళకు పైబడి పడాల్సిన వాన ఒక్కరోజులో దిగిందన్నమాట. అలాంటి వరదకు లావాటి మాను ఉన్న చెట్లు కూలిపోతాయి. గన్నేరుకు ఒంటి మాను ఉండదు. మొదట్లోంచే బోలెడు కొమ్మలు లేస్తాయి, అవి బెత్తాల్లా వంగుతాయి, విరిగినా మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. విరిగిన కొమ్మకు తడి ఇసుక దొరికితే అదీ వేళ్ళు తొడుగుతుంది.

వరద పోయాక పైన అంతా ఎండిపోయినట్టు కనిపించే ఆ వాగు అడుగున నీళ్ళు ఉంటాయి. గన్నేరు వేళ్ళు ఉండేది అక్కడ. ఫుజైరాలోని వాదీ వురయ్యా దీనికి మంచి ఉదాహరణ. ఎమిరేట్స్‌లో ఏడాది పొడవునా నీళ్ళు పారే అరుదైన చోట్లలో అదొకటి. 2009లో దేశంలో మొట్టమొదటి రక్షిత పర్వత ప్రాంతంగా ప్రకటించారు. 2010లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకీ, 2018లో యునెస్కో జీవావరణ రిజర్వుల జాబితాలోకీ చేరింది. ఆ దేశంలో దొరికే ఒకే ఒక్క అడవి ఆర్కిడ్ అక్కడే తడి బండల మీద పూస్తుంది. అదే వాగులో గన్నేరు పొదలూ ఉన్నాయి. ఆర్కిడ్ పూసే చోట పెరిగే మొక్కను ఎడారి మొక్క అనడం ఎంతవరకు సబబో పాఠకులే చెప్పాలి. అసలు ఇసుక దిబ్బల మీదికి వెళ్తే గన్నేరు అడవి రకం కనబడదు. అక్కడ నిలబడేది గాఫ్, అంటే మన జమ్మి. ఎమిరేట్స్ జాతీయ వృక్షమూ, తెలంగాణ రాష్ట్ర వృక్షమూ ఆ ఒక్క చెట్టేనని చాలామందికి తెలియదు. జమ్మి వేరు నీటి కోసం పాతాళానికి దిగుతుంది. గన్నేరు నీళ్ళున్న చోటే కాపురం పెడుతుంది. కరువును ఓర్చుకోవడం వేరు, కరువులో సుఖంగా బతకడం వేరు. గన్నేరుకు మొదటిది మాత్రమే చేతనవును.

ఆ ఓర్పు ఎక్కడి నుంచి వచ్చిందో బైపీసీ చదివినవాళ్ళు ప్రాక్టికల్స్‌లో చూసే ఉంటారు. ఎడారి మొక్కల పాఠం రాగానే లెక్చరర్ గన్నేరు ఆకు తెప్పించి, బ్లేడుతో పలచని ముక్క కోయించి మైక్రోస్కోపు కింద పెట్టించేవారు. పైన మందమైన మైనపు పూత, దాని కింద ఒకటికి రెండు మూడు వరసల బాహ్యచర్మం, ఆకు అడుగున గుంటలు, గుంటల నిండా నూగు, ఆ నూగు మధ్య దాక్కున్న పత్రరంధ్రాలు. నీరు ఆవిరి కాకుండా ఈ ఏర్పాటు అని రికార్డులో రాసుకునేవాళ్ళం. ఆ వాక్యం ఇప్పుడు అంత గట్టిగా నిలబడటం లేదు. 2009 ప్రాంతంలో ఇలాంటి గుంటలే ఉన్న ఆస్ట్రేలియా బాంక్సియా ఆకుల మీద జరిగిన పరిశోధనలు, గుంటల వల్ల ఆదా అయ్యే నీరు అనుకున్నంత లేదనీ, మందపాటి ఆకు లోలోపలి పొరలకు కార్బన్ డయాక్సైడ్ చేరేందుకు అవి దారి కావచ్చనీ సూచించాయి. రంధ్రాలను వేళకు మూసుకోవడమే ఆదాలో ముఖ్యమైన పని. మన పాఠ్యపుస్తకాలు ఈ చర్చను ఒక వాక్యంలోనైనా ప్రస్తావిస్తే బాగుంటుంది.

వేడి విషయంలో గన్నేరు గట్టితనానికి మరింత బలమైన సాక్ష్యం ఉంది. అమెరికాలో బాడ్జర్, బ్యోర్క్‌మన్, ఆర్మండ్ అనే శాస్త్రవేత్తలు ఒకే మూలం నుంచి తీసిన గన్నేరు మొక్కల్ని పగటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలున్న గదిలో కొన్నిటిని, 45 డిగ్రీలున్న గదిలో కొన్నిటిని పెంచి 1982లో ఫలితాలు ప్రకటించారు. వేడిలో పెరిగిన ఆకు తన కిరణజన్య సంయోగక్రియ యంత్రాంగాన్ని వేడికి తగ్గట్టు మార్చుకుంది. చల్లగా పెరిగినది చలికి తగ్గట్టు మార్చుకుంది. ఒకే మొక్కకు రెండు వాతావరణాలకూ ఒదిగే గుణం ఉందన్నమాట. జనవరిలో రాత్రి చలి, జూలైలో 45 దాటే పగలు ఉన్న దేశంలో ఈ గుణానికి ఎంత విలువో చెప్పనక్కర్లేదు. అయితే ఆ ప్రయోగంలో మొక్కలకు నీళ్ళు పోస్తూనే ఉన్నారు. ఎండను ఓర్చుకోవడాన్ని చూపి నీళ్ళు అక్కర్లేదనే వాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

పువ్వు గురించి ఒక చిత్రమైన విషయం. గన్నేరు పువ్వులో తేనె ఉండదు. రంగు ఉంది, మన రకంలో వాసన ఉంది, గొంతు దగ్గర కుచ్చులాంటి కిరీటం ఉంది; కీటకం ఆశపడి వచ్చి ఖాళీ చేతులతో వెళ్తుంది, పోతూ పోతూ పుప్పొడి మోస్తుంది. స్పెయిన్‌లో వాగుల వెంట పెరిగే గన్నేరును పరిశీలించి 1991లో ప్రచురించిన అధ్యయనం ఈ మోసాన్ని వివరంగా రాసింది. అందుకే వేల పువ్వులు పూసినా కాయలు కొన్నే. జంట కాయలు సన్నగా, జానెడు పొడవున ఎండి పగిలితే నూగు తగిలించుకున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. గింజ నుంచి లేచిన మొక్క తల్లి రంగే పూస్తుందన్న భరోసా లేదు. నర్సరీ వాళ్ళు కొమ్మ కటింగ్‌లే నాటేది అందుకే.

ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం. హైదరాబాద్ నుంచి ఎటు వెళ్ళినా జాతీయ రహదారుల మధ్య డివైడర్ మీద గన్నేరు కనిపిస్తుంది. ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్ల వెలుగు కళ్ళల్లో కొట్టకుండా అడ్డం ఉంటుంది, పశువులు తినవు, దుమ్ముకీ పొగకీ తట్టుకుంటుంది. ఎమిరేట్స్ రోడ్ల పక్కన నాటడానికీ ఈ కారణాలే. తేడా అంతా నీటిలో ఉంది. మనకు వానాకాలం ఆరు నెలలకు సరిపడా ఊపిరి పోస్తుంది. అక్కడ ఆ ఊపిరి నల్లటి డ్రిప్ గొట్టంలోంచి రావాలి. అబుధాబీ, దుబాయ్ రోడ్ల పచ్చదనానికి ప్రధాన ఆధారం శుద్ధి చేసిన మురుగునీరు. దుబాయ్‌లో అల్ అవీర్, జెబల్ అలీ కేంద్రాల్లో శుద్ధి అయిన నీరు గొట్టాల్లో తోటలకు చేరుతుంది. పనివాళ్ళ భాషలో అది టీఎస్ఈ. కుళాయిలో వచ్చేది మాత్రం సముద్రపు నీటిని మంచినీరు చేసినది, బోలెడు కరెంటు తిన్నది. విల్లా తోటల్లో గన్నేరుకు పోసే ప్రతి బకెట్టూ ఆ ఖరీదైన నీరే. కాబట్టి రోడ్డు గన్నేరునూ ఇంటి గన్నేరునూ ఒకే తక్కెడలో తూచకూడదు. ఎలాగూ వదిలేయాల్సిన నీటితో రోడ్డు మీద పెరిగే మొక్కను నేను తప్పు పట్టను.

నాటేవాళ్ళకు ఎక్కువ చిక్కులు తెచ్చేది ఉప్పు. అక్కడి సహజ నేల ఇసుక, సున్నం పాలు ఎక్కువ, క్షారగుణం. దాని మీద స్వీట్ సాయిల్ అని పిలిచే ఉప్పు తక్కువ మట్టి తెచ్చి కంపోస్టు కలిపి గుంట నింపుతారు. సున్నపు నేలలో నూరువరహాలు ఇనుము అందక పసుపెక్కిపోతుంది, మందారమూ నీరసిస్తుంది, గన్నేరు పట్టించుకోదు. ఉప్పునూ ఓ మోస్తరుగా భరిస్తుంది. అయితే రోజూ కొద్దికొద్దిగా డ్రిప్ వదిలితే తడి పై జానెడు మట్టిలోనే ఆగి, నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. మొక్క చుట్టూ తెల్లటి పెచ్చు కట్టిందంటే, ఆకుల అంచులు మాడుతున్నాయంటే అదే సంగతి. మందు నీళ్ళలోనే ఉంది: తడపడాన్ని తగ్గించి, తడిపినప్పుడు లోతుగా తడపడం, అప్పుడప్పుడు ఉప్పు కిందికి కొట్టుకుపోయేలా ధారాళంగా వదలడం. ఇలా చేస్తే వేరు కూడా లోతుకు దిగుతుంది. నాటడానికి అక్టోబర్ నుంచి మార్చి దాకా అదను. మేలో నాటిన మొక్క వేరు పట్టేలోగా ఎండ దాన్ని పట్టేస్తుంది.

కత్తిరింపు దగ్గర మాత్రం నా ఫిర్యాదు గట్టిదే. గన్నేరు కొత్త కొమ్మల చివర పూస్తుంది. ఆకులు మూడేసి చొప్పున కణుపు చుట్టూ ఉంటాయి కాబట్టి కణుపు పైన కోస్తే సాధారణంగా మూడు చిగుళ్ళు లేస్తాయి. పూత ఒక విడత ముగిశాక కొమ్మల్ని మూడో వంతు లోపలికి కోస్తే తర్వాతి విడతకు మూడింతల కొసలు సిద్ధమవుతాయి. ఇంత సులువైన లెక్కను వదిలేసి, యంత్రం పెట్టి నెలకోసారి పెట్టె ఆకారంలో గీసేస్తారు. మొగ్గలన్నీ చెత్తలోకి, రోడ్డు మీద పచ్చటి దిమ్మె. దిమ్మెలే కావాలనుకుంటే అందుకు వేరే మొక్కలు చాలా ఉన్నాయి. రకం ఎంపికలోనూ ఒక చిట్కా ఉంది. ముద్దగన్నేరు దగ్గర నుంచి అందమే గానీ వాడిన పువ్వు రాలకుండా గోధుమ రంగులో కొమ్మకే వేలాడుతుంది. అయిదు రెక్కల ఒంటి గన్నేరు తనంతట తానే శుభ్రంగా రాలుస్తుంది. రోజూ ఎవరూ చేయి పెట్టని చోటికి ఒంటిదే మేలు. ఎరువు, ముఖ్యంగా నత్రజని, ఎక్కువైతే ఆకే తప్ప పువ్వుండదు.

పురుగుల బాధ తక్కువ. చిగుళ్ళ మీద పసుపు రంగు పేను గుంపులు కడుతుంది, గట్టిగా నీళ్ళు కొడితే పోతుంది. నీలి కళ్ళలాంటి మచ్చలున్న లావాటి ఆకుపచ్చ గొంగళి కనిపిస్తే చంపకండి. అది డాఫ్నిస్ నీరియై అనే చిమ్మటది. గన్నేరు విషం దానికి పట్టదు, నాలుగు ఆకులు తిని పోతుంది, రెక్కలొచ్చాక ఆకుపచ్చ, గులాబీ గీతలతో చూడముచ్చటగా ఉంటుంది. కాలిఫోర్నియాలో 1990ల నుంచి గన్నేరును వరసలకు వరసలు ఎండబెట్టింది వేరే శత్రువు, జైలెల్లా అనే బాక్టీరియా. మొక్కల రసం పీల్చే కీటకాలు దాన్ని మోస్తాయి, మందు లేదు. గల్ఫ్ దేశాలు మొక్కల దిగుమతి దగ్గర కటువుగా ఉండటానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

విషం సంగతి. వేరు, బెరడు, ఆకు, పువ్వు, గింజ, పాలలాంటి రసం, దేన్నీ మినహాయించలేం. ఒలియాండ్రిన్ మొదలైన గ్లైకోసైడ్లు గుండె కణాల్లో సోడియం, పొటాషియంల రాకపోకలు నడిపే ఎంజైమును అడ్డుకుంటాయి. వాంతులు, కడుపునొప్పితో మొదలై నాడి మందగించి, గుండె లయ తప్పుతుంది. డిజిటాలిస్ మొక్క నుంచి తీసే డిజాక్సిన్ మందూ ఈ కోవదే, అందుకే డిజాక్సిన్ విషానికి విరుగుడుగా వాడే యాంటీబాడీ ఇంజెక్షన్ దీనికీ పనిచేస్తుంది. మందుకూ విషానికీ మధ్య ఎడం ఎంత తక్కువో తెలిసి కూడా 2020లో అమెరికాలో ఒలియాండ్రిన్‌ను కోవిడ్ మందని ప్రచారం చేశారు. ఆ దేశపు ఎఫ్‌డీఏ దాన్ని ఆహార అనుబంధంగా అమ్మడానికి ఒప్పుకోలేదు. 2024లో కేరళలో ఒక యువతి మరణానికి గన్నేరు నమలడమే కారణమన్న అనుమానం రాగానే, మే నెలలో తిరువితాంకూర్, మలబార్ దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో ఆ పువ్వు వాడొద్దన్నాయి. ఆ నిర్ణయం సరైనదే. శివుడికి పువ్వు పెట్టడంలో ప్రమాదం లేదు. తినే పదార్థం మీద పడితేనే చిక్కు. బర్ దుబాయ్‌లో పూజకు పూలు కొనుక్కునే మన ఇళ్ళలో కూడా ఈ జాగ్రత్త చాలు.

అయితే పొద నుంచి గాలి వీచి ఎవరూ చావరు. చేదు వల్ల పచ్చి ఆకును మేక గానీ ఒంటె గానీ మామూలుగా కొరకదు. వాగుల్లో మిగతా పచ్చిక మేసి గన్నేరును వదిలేయడం వల్లే అది అక్కడ అంత గుబురుగా ఉంది. ప్రమాదం కోసిన తర్వాత వస్తుంది. ఎండిన ఆకులో చేదు తగ్గుతుంది, విషం తగ్గదు. కత్తిరించిన కొమ్మలు గడ్డితో కలిసి దాణాలోకి చేరితే జంతువుకు తేడా తెలియదు. ఆ చెత్తను తగలబెట్టినా పొగ మంచిది కాదు. కాబట్టి పొద కంటే చెత్తకుప్ప మీద నిఘా ఎక్కువ ఉండాలి. గన్నేరును వెలేయమనే వాళ్ళు ఎమిరేట్స్‌లో దాని పక్కనే అమ్ముడుపోయే అడీనియం గురించీ, పచ్చగన్నేరు గురించీ ఎందుకు మాట్లాడరో నాకర్థం కాదు. ఆఫ్రికాలో అడీనియం రసాన్ని బాణాలకు పూసేవారు. పచ్చగన్నేరు గింజ అంతకంటే భయంకరమైనది. అడీనియం బాల్కనీలో కుండీలో, పసిపిల్లల చేతికందేంత ఎత్తులో ఉంటుంది.

మరి గన్నేరు బదులు ఏది? బోగన్‌విల్లా నీళ్ళు కాస్త బిగబట్టినప్పుడే బాగా పూస్తుంది, విషం భయం లేదు, ముళ్ళుంటాయి. ఇంటి గోడకు దానికి నా మొదటి ఓటు. స్థానిక మొక్కల్లో హజర్ కొండల మోరింగా పెరెగ్రీనా, అంటే మన మునగకు అరేబియా చుట్టం, లేత గులాబీ పూలతో ఎంతో బాగుంటుంది. నగర తోటల్లో అది ఇంకా విరివిగా రావాలి. దుబాయ్ మిరకిల్ గార్డెన్ 2013లో తెరిచినప్పటి నుంచి జనాన్ని ఆకట్టుకుంటోంది, కానీ ఏటా శీతాకాలానికి నాటి ఎండలు రాగానే మూసే పూలవనం అది. అలాంటి మురిపాలకు వెచ్చించే శ్రమ ముందు, ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి నిలిచే గన్నేరు పొదుపరే.

నా తీర్పు ఇది. రోడ్డు మధ్యలో, ఫ్యాక్టరీల ప్రహరీల వెంట, జనం చేయి చాచని చోట, మురుగు శుద్ధి నీరు అందే చోట ఒంటి గన్నేరు నాటాల్సిందే. బడుల ఆవరణల్లో, పిల్లల పార్కుల్లో, ఒంటెల, మేకల ఫారాల దరిదాపుల్లో అసలు వద్దు. విల్లాలో మంచినీటితో పెంచాలనుకుంటే రెండు పొదలతో సరిపెట్టుకోవాలి. కొండల వాగుల్లో ఉన్నదాన్ని తోటకోసం తవ్వకుండా వాగుకే వదిలేయాలి.

చివరిగా ఒక విన్నపం. ఈ పొదల్ని రోజూ కోసేది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచీ, కడప, కోనసీమల నుంచీ వెళ్ళినవాళ్ళూ, మలయాళీలూ, బంగ్లాదేశీలూ, పాకిస్తానీలూ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదన్న నియమం వారికి రక్షణగా ఉంది. గన్నేరు రసం విషయంలోనూ అంత స్పష్టత కావాలి. చేతి తొడుగులు తప్పనిసరి అనీ, కోసిన కొమ్మలు పశువులకు వేయొద్దనీ, తగలబెట్టొద్దనీ, కొమ్మను పందుంపుల్లగా వాడొద్దనీ తోటపని కంపెనీలు తెలుగు, హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళ భాషల్లో రాసి పనిముట్ల గది తలుపుకు అతికించాలి. అక్కడ సూపర్‌వైజర్లుగా ఉన్న తెలుగువారు ఆ కాగితం రేపే రాయొచ్చు. దాని అడుగున ఎమిరేట్స్ అంబులెన్స్ నంబరు 998 కూడా వేయండి.